మనకూ ఉండేదొక బ్యాండు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల మొదటి రోజు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, "పాత రోజుల గురించి ఏదన్నా చెప్పండి అన్నా" అన్నారు. రేకుల షెడ్డులో క్లాసులు, వాన పడితే పాఠం ఆగిపోవడం, ఐడీఎల్ చెరువు గట్టు, ఫ్యాక్టరీ సైరన్‌ను బట్టి ఇంటర్వెల్ ఎంత దూరముందో లెక్కపెట్టుకోవడం... ఇవన్నీ నాకంటే ముందు మాట్లాడినవాళ్లు నాకంటే బాగా చెప్పారు. అందుకని నేను ఒక పాటల బ్యాండు గురించి చెప్తాను. చివర్లో కార్యవర్గానికి ఒక విన్నపం కూడా ఉంది. అది మాత్రం మర్చిపోకుండా చెప్పాలి.

మా చెల్లెలి కొడుకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. శనివారం వచ్చిందంటే ముగ్గురు స్నేహితులతో కలిసి ఇక్కడే, హౌసింగ్ బోర్డు కాలనీలో, గంటల లెక్కన ఒక గది అద్దెకు తీసుకుని వాయిస్తుంటాడు. ఒకసారి నన్నూ తీసుకుపోయాడు. రెండు గిటార్లు, డ్రమ్ములు, ఒక గొంతు. మొదలుపెట్టారు. "ఇది పల్లవేనా?" అని అడుగుదామనుకునే లోపల పాటే అయిపోయింది. నిమిషంన్నర! అట్లాంటివి పన్నెండు వాయించారు. బయటికొచ్చాక కాసేపు నాకు చెవులు గుయ్‌మన్నాయి. దీన్ని హార్డ్‌కోర్ పంక్ అంటారని చెప్పాడు. చాయ్ తాగుతుంటే అడిగాడు: "మామా, మన తెలుగుల ఇట్లాంటి బ్యాండు ఎప్పుడన్నా ఉండెనా?"

నేను లేదన్నాను. ఇంటికొచ్చి పడుకున్నాక నిద్ర పట్టలేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "ఉండెరా" అన్నాను.

నేను అట్లా ఎందుకన్నానో మీకు తెలియాలంటే, ముందు వాడి బ్యాండ్ల సంగతి కాస్త చెప్పాలి. వాడు పంపిన వీడియోలన్నీ చూశాను, ఇచ్చిన పుస్తకాలూ చదివాను. పాట నచ్చిందని చెప్పను కానీ మనుషులు నచ్చారు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1980లో టీన్ ఐడిల్స్ అని పిల్లల బ్యాండు ఒకటి ఉండేది. బడి వయసు పిల్లలే. ఏడాదికి అటూ ఇటూగా విడిపోయారు. అప్పటికి కచేరీల మీద ఆరువందల డాలర్లకు కొంచెం పైన పోగయ్యాయి. ఆ డబ్బు పంచుకోకుండా దాంతో ఒక రికార్డు వేశారు. వాళ్ల పాటలు ఏ కంపెనీ వేస్తుంది? అందుకని డిస్కార్డ్ అని పేరు పెట్టి తామే కంపెనీ మొదలుపెట్టారు. రికార్డు అట్టలు తయారుచేయించే స్తోమత లేదు. ఇంకో రికార్డు అట్టను విప్పి చూసి, దాని ప్రకారం కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి ఇంట్లోనే అంటించుకున్నారు. అందులో ఇయన్ మకాయ్, జెఫ్ నెల్సన్ అనే ఇద్దరు ఆ వెంటనే మైనర్ థ్రెట్ అనే బ్యాండు పెట్టారు. అది మూడేళ్లే ఉంది. ఉన్న ఆ మూడేళ్లలోనే ఎక్కడెక్కడి పిల్లలకో ధైర్యమిచ్చింది. అదే ఊళ్లో వీళ్లకంటే ముందు నుంచీ బ్యాడ్ బ్రెయిన్స్ అని నలుగురు నల్లజాతి యువకుల బ్యాండు ఉంది. అంత వేగం, అంత ఆవేశం చూసే మిగతావాళ్లు నేర్చుకున్నారు. మకాయ్ తర్వాత నడిపిన ఫుగాజీ బ్యాండు పేరు పెరిగినా కచేరీ టికెట్టు ఐదు డాలర్ల దగ్గరే ఉంచడానికి ప్రయత్నించింది.

ఆ రాత్రి నాకు ఎవరు గుర్తొచ్చారో ఈపాటికి మీలో పెద్దవాళ్లకు తెలిసిపోయి ఉంటుంది. జననాట్యమండలి.

నవ్వకండి. వాళ్లు బ్యాండు అనే మాట వాడలేదు, దళం అన్నారు. గిటారు లేదు, డప్పు ఉంది. అయినా లెక్క చూడండి. 1972లో హైదరాబాదులో పుట్టింది. బి. నర్సింగరావు గారు ఆర్ట్ లవర్స్ అని ఒక చిన్న సంఘం నడిపేవారు. తర్వాత 'మా భూమి' సినిమా తీసినవారిలో ఒకరు ఆయన. ఆ సంఘంలోకి తూప్రాన్ నుంచి వచ్చిన దళిత కుటుంబపు కుర్రాడొకడు చేరాడు. పేరు గుమ్మడి విఠల్‌రావు. ఇంజనీరింగులో చేరి మధ్యలో మానేసినవాడు. పాటలు రాసి చిన్న పుస్తకంగా వేస్తే దాని మీద 'గద్దర్' అని పెట్టారు. 1913లో అమెరికాలో మన పంజాబీలు పెట్టిన గదర్ పార్టీ నుంచి తీసుకున్న మాట అది, తిరుగుబాటు అని అర్థం. పుస్తకం పేరు కాస్తా మనిషి పేరైపోయింది. అటు ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు గారు తోడయ్యారు. ఆయన విశాఖ షిప్‌యార్డులో పనిచేస్తూ, ఆ ప్రాంతపు జముకుల బాణీలు పట్టుకొచ్చారు.

మొదట్లో పేరొచ్చిన పాటల్లో ఒకటి రిక్షావాడి గురించి. అందులో ఏముందో కాదు, ఎవరి గురించి అన్నది చూడాలి. అప్పటిదాకా పాటంటే రేడియోలో వచ్చేది, తెర మీద హీరో పాడేది. సవారీ కోసం మనం పిలిచే రిక్షావాణ్ణి ఆపి, "నీ సంగతేంటి?" అని అడిగే పాట అంతకుముందు నేను వినలేదు.

ఇక వాళ్ల పద్ధతి. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మా మేనల్లుడికీ ఇదే బాగా నచ్చింది. వేదిక కట్టాల్సిన పని లేదు. మైకు ఉంటే ఉంది, లేకపోతే లేదు. ముందు ఒకడు పాడతాడు, వెనక ఇద్దరో ముగ్గురో అందుకుంటారు. డప్పు, డోలక్, కాలికి గజ్జె. ధోవతి, భుజాన గొంగడి, చేతిలో కర్ర, ఎర్రగుడ్డ. సామాను అంతే. ఆ గొంగడే మడిచి ఒళ్లో పెట్టుకుంటే పసిబిడ్డ, నెత్తిన వేసుకుంటే వానలో తడిసే రైతు. కర్ర ఒకసారి నాగలి, ఒకసారి తుపాకి. చరణం మధ్యలో ఆపి ముందువరుసలో కూర్చున్న ముసలామెతో, "ఏమ్మా, నిజమా కాదా?" అని మాట్లాడతారు, మళ్లీ అందుకుంటారు. ఎక్కడ మాట అయిపోయింది, ఎక్కడ పాట మొదలైంది అన్నది తెలియదు.

బాణీలు కొత్తగా కట్టరు. నాటు వేసేటప్పుడు పాడే పాట, జోలపాట, ఒగ్గుకథ, బుర్రకథ, వీధి భాగవతం... జనానికి ముందే నోటికొచ్చిన బాణీ తీసుకుని మాట మారుస్తారు. దాంతో ఏమవుతుందంటే, పాట మొదటిసారి విన్నప్పుడే సగం వచ్చేస్తుంది. రెండోసారి మీరు కోరస్‌లో ఉంటారు. పాటల పుస్తకం చవక. క్యాసెట్ ఒకరు తెస్తే వీధంతా కాపీ చేసుకునేది. శిబిరాలు పెట్టి ఊరి పిల్లలకు పాట, డప్పు, అడుగు నేర్పి పంపేవాళ్లు. వాళ్లు తమ ఊళ్లో ఇంకో దళం తయారుచేసేవాళ్లు. అంటే, ఎవడైనా నేర్చుకుని చేయగలిగేటట్టు కావాలనే అట్లా తయారుచేశారు. వాషింగ్టన్ పిల్లలు అట్ట విప్పి చూసుకున్నట్టు, వీళ్లు పాటను విప్పి చూపించారు.

ఒక తేడా ఉంది, దాచను. ఈ బ్యాండు వెనక ఒక పార్టీ ఉంది, పీపుల్స్‌వార్. ఆ పిల్లల వెనక ఎవరూ లేరు. తుపాకీ మార్గం మీద నాకు నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పార్టీ చెప్పమన్న మాటకు తాళం వేసిన పాటలు బోలెడు ఉన్నాయి. వాటిలో ఒక్కటీ నాకిప్పుడు గుర్తులేదు. అమ్మ గురించి, కూలివాడి గురించి, ఊరు విడిచి పోయినవాడి గురించి పాడినవి మాత్రం మర్చిపోదామన్నా పోవు. ఇది నా అభిప్రాయం. ఇక్కడ కూర్చున్న మా తెలుగు మాస్టారు ఒప్పుకోకపోవచ్చు, రాత్రి భోజనాల దగ్గర నన్ను నిలదీయవచ్చు.

మిగిలిన చరిత్ర మీకు చాలావరకు తెలిసిందే, త్వరగా చెప్తాను. 'మా భూమి'లో గద్దర్ తెర మీద కనిపించి పాడిన 'బండెనక బండి' ఆయన రాసింది కాదు, సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టినది. చాలామంది ఇప్పటికీ పొరపాటు పడుతుంటారు కాబట్టి చెప్తున్నాను. గద్దర్ కెనరా బ్యాంకులో ఉద్యోగం చేసి 1984లో వదిలేశారు. 1985 జులైలో కారంచేడులో దళితుల్ని చంపారు. ఆ ఘోరం మీద ఊరూరా పాడారు. ఆ ఏడే ఆయన అజ్ఞాతంలోకి వెళ్లిపోయారు. మళ్లీ 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో కనిపించారు. రెండు లక్షల మంది వచ్చారని లెక్క చెప్తారు. నాకు లెక్క తెలియదు. లక్డీకాపూల్ దగ్గర బస్సు దిగి నడిచాను. మైదానం లోపలికి పోలేకపోయాను, గొంతు మాత్రం వినబడింది. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ దగ్గర వెంకటాపురంలో ఆయన ఇంట్లోనే కాల్చారు. ఒక తూటా తీయడానికి వీల్లేక వెన్నులోనే ఉండిపోయింది, ఇరవై ఆరేళ్లు. అది ఒంట్లో ఉండగానే తెలంగాణ ఉద్యమంలో ఊరూరా ఎగిరి ఆడారు. పాత దారి వదిలి 2018లో మొదటిసారి ఓటు వేశారు. 2023 ఆగస్టు 6న పోయారు. అల్వాల్‌లో ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే ఖననం చేశారు. పాటగాడి సమాధి ఒక బళ్లో ఉండటం నాకు చాలా సరిగ్గా అనిపించింది.

ఇంకొక్కటి. 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకు నంది అవార్డు ఇస్తే ఆయన తీసుకోలేదు. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఇచ్చింది. మనకు పక్కనే, హైటెక్స్‌లో. ఆ అవార్డుల పేరు గద్దర్ అవార్డులు! మా మేనల్లుడికి చెప్తే పడీపడీ నవ్వాడు. "ఇది మా పంక్‌వాళ్లకు కూడా జరగలేదు మామా" అన్నాడు.

ఇప్పుడు నా సంగతికి వస్తాను. ఇన్ని ఏళ్లూ మన గెట్ టుగెదర్లలో ఇది చెప్పలేదు.

1982, ఎనిమిదో తరగతి. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్మికుల మీటింగుకు మా నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. మీటింగు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో ముగ్గురు లేచి డప్పు కొట్టి పాడారు. మర్నాడు బళ్లో నేను ఆ పాట పాడుతుంటే నా బెంచీ మిత్రుడు బల్ల మీద దరువేశాడు. ఆ దరువు ఇంకా బాగుంది! మిగతా బెంచీలు అందుకున్నాయి. అతని పేరు ఇక్కడ చెప్పను, అతనికి ఇష్టం లేదు. వాళ్ల నాన్న, తాత పాత ఊళ్లో డప్పు కొట్టేవాళ్లు. పెళ్లి, చావు, జాతర, ఏదైనా వాళ్లే.

స్కూల్ డే వచ్చింది. "మనం ఆ పాట పాడదాం, నువ్వు డప్పు పట్టుకరా" అన్నాను. అన్నది నేనే. ఇది గుర్తుపెట్టుకోండి. అతను వద్దన్నాడు. "బడికి తెస్తె ఊకోరురా" అన్నాడు. నేనే బలవంతం చేశాను. తెల్లారి సంచిలో చుట్టుకుని తెచ్చాడు. గేటు దగ్గరే పెద్దలొకరు చూశారు. ఆయన ఇప్పుడు లేరు, పేరు అనవసరం. "చావుకు కొట్టేది బళ్లెకు తెస్తార్రా? ఎవడు తెమ్మన్నడు?" అని అడిగారు. నేను పక్కనే ఉన్నాను. నా మిత్రుడు నా వైపు చూశాడు. నేను చెప్పులు చూసుకున్నాను. "తీస్కపో" అన్నారాయన. అతను డప్పు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు మేము ఒక దేశభక్తి గీతం పాడాం, చప్పట్లు కొట్టారు. తొమ్మిదో తరగతిలో అతను రాలేదు. ఆ డప్పు వల్లనే రాలేదని నేను చెప్పలేను. ఇంట్లో ఇబ్బందులున్నాయి, పనికి పోవాల్సి వచ్చింది. కానీ ఆ మాట చెప్పి నన్ను నేను తప్పించుకున్నది మాత్రం నిజం.

వాషింగ్టన్ పిల్లల గురించి చదువుతున్నప్పుడు నాకు కుళ్లుగా అనిపించింది. వాళ్లకు కోపం వచ్చింది, గిటారు కొనుక్కున్నారు, పాడారు. మా బెంచీలో డప్పు ముందే ఉంది, వాయించడం వచ్చినవాడూ ఉన్నాడు, పాటా ఉంది. గేటు దగ్గర "నేనే తెమ్మన్నాను సార్" అనే మూడు మాటలు లేవు. గద్దర్ డప్పును కచేరీ మధ్యలోకి తెచ్చారని నేను పెద్దయ్యాక గొప్పగా చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ గేటు గుర్తొచ్చేది.

పోయిన నెల అతన్ని వెతుక్కుంటూ పోయాను. ఎక్కువ దూరం కాదు, మూసాపేట దాటలేదు. నలభై మూడేళ్లు నేను పోలేదు, అంతే. ఇప్పుడు అతనిదొక డప్పు బృందం. ఆరుగురున్నారు, చిన్నవాడు మనవడు. బోనాలకు, పెళ్లిళ్లకు, నాయకుల ఊరేగింపులకు పోతారు. ఎలక్షన్లప్పుడు అన్ని పార్టీలూ పిలుస్తాయట. "అందరికీ అదే దరువు కొడతం" అని నవ్వాడు. ఆ గేటు సంగతి నేనే ఎత్తాను. కాసేపు ఆగి, "నువ్వు చెప్పులు చూసుకుంటుంటివి. కొత్తవి అవి" అన్నాడు. కొత్తవేనని నాకు గుర్తే లేదు.

రేపు సాయంత్రం మన సాంస్కృతిక కార్యక్రమాలకు రమ్మని పిలిచాను. వెంటనే ఒప్పుకోలేదు. రెండుసార్లు పోయాను. మూడోసారి మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని పోయాను. వాడు సిర్ర ఎట్లా పట్టుకోవాలి, సిటికెన పుల్ల ఎట్లా ఆడించాలి అని అడుగుతూ రెండు గంటలు కూర్చున్నాడు. ఆ వేలి కదలిక వాడికి ఇంకా రాలేదు. అప్పుడు నా మిత్రుడు వస్తానన్నాడు, కొన్ని షరతులతో. అవే కార్యవర్గానికి నా విన్నపం.

ఒకటి, స్టేజీ ఎక్కరు. కింద, కుర్చీల ముందు ఖాళీ ఉండాలి. కనీసం మొదటి మూడు వరుసల కుర్చీలు తీసేయాలి. అంటే వీఐపీలు కొంచెం వెనక్కి జరగాలి. రెండు, ఆ అరగంటా డీజే ఆపాలి. ఆయనకు అడ్వాన్సు ఇచ్చేశారని తెలుసు, కూర్చుని చాయ్ తాగమనండి. మూడోది ముఖ్యం. డిసెంబరు చలి. చలికి డప్పు తోలు వదులైపోతుంది, మంట మీద కాచకపోతే మోత రాదు. కాబట్టి వెనక, సైకిల్ స్టాండు పక్కన, కాస్త ఎండుగడ్డి, పాత కాగితాలు వేసి మంట పెట్టుకోనివ్వాలి. మన గార్డెన్ లాన్ పాడవకుండా అక్కడ రేకు వేయిస్తాను, రెండు బకెట్ల నీళ్లు పెట్టిస్తాను, ఖర్చు నాది.

నాలుగోది అతను అడగలేదు, నేనే అడుగుతున్నాను. ఆరింటికి వాళ్లు ఆరుగురు డప్పులతో వస్తారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచండి. చెప్పినా సరే, ఐదున్నర నుంచి నేను గేటు దగ్గరే ఉంటాను.